రెండిళ్ళ నెల సరుకులు

నెలకి తిండికి ఎంత ఖర్చవుతుందని ఎవర్నడిగినా ఒకటే జవాబు. ఐదారు వేలు. ఇంట్లో ఇద్దరున్నా అంతే, ఎనిమిది మందున్నా అంతే. ఆ తర్వాత నేను ట్యాబ్ తీసి చింతపండు దగ్గర్నుంచి జీలకర్ర దాకా ఒక్కొక్కటీ అడిగి, చివరికి పదకొండు వేల చిల్లర తేలిందని చెప్తే, ఆ పై డబ్బంతా నేనే తిన్నట్టు నా వంక చూస్తారు. కారంపూడిలో ఒకాయన నమ్మక మళ్ళీ లెక్క వేయించాడు. మళ్ళీ వేస్తే ఇంకో మూడొందలు పెరిగింది. టీపొడి మర్చిపోయాడట. నాకు కోపం తొందరగా వస్తుందని మా అమ్మ అంటుంది. ఈ ఉద్యోగంలో రాకేం చేస్తుంది?

నా పేరు తహసీన్. మాది నరసరావుపేట. ఏడాదిన్నరగా ఇంటి ఖర్చుల సర్వేలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. పొద్దున్నే బస్సెక్కి ఆఫీసువాళ్ళు చెప్పిన ఊరు వెళ్ళి, వాళ్ళిచ్చిన ఇళ్ళ తలుపులు తట్టడం, గడిచిన ముప్పై రోజుల్లో ఆ ఇంట్లో ఏమేం తిన్నారో రాసుకోవడం నా పని.

నూట ముప్పై సరుకుల పేర్లుంటాయి ట్యాబ్‌లోని జాబితాలో. సగానికి వచ్చేసరికి నా గొంతు నాకే దూరంగా వినిపిస్తుంది. పెసరపప్పు, మినప్పప్పు, శనగపప్పు, బెల్లం, నువ్వులు అని చదువుతూ ఉంటే కళ్ళ ముందు ఆ గది మెల్లగా మసకబారుతుంది. వాళ్ళు నెలంతా వండుకున్నవన్నీ గిన్నెల్లో, తట్టల్లో, ఆకుల్లో వచ్చి నా చుట్టూ నేల మీద సర్దుకుంటాయి. ఎవరూ చెప్పకుండానే సంగతులు తెలుస్తాయి. సగ్గుబియ్యం కొన్నారంటే ఎవరికో ఒంట్లో బాగోలేదు. ఒక్కసారే మూడు కోళ్ళు కోశారంటే అల్లుడొచ్చాడు. కాఫీపొడి ఆగిపోయిందంటే ఆ ఇంట్లో కాఫీ తాగే మనిషి ఇక లేడు. నేను పేర్లు చదువుతూనే ఉంటాను, వాళ్ళ ముప్పై రోజులు నా మీదుగా నడిచిపోతూ ఉంటాయి. ఇది నిద్రా కాదు, మెలకువా కాదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్తే సెలవు పెట్టి డాక్టరుకి చూపించుకోమంటారు.

మే నెల రెండో వారంలో నన్ను రెంటచింతల వేశారు. ఆ నెలలో రెంటచింతల ఎవరూ కోరి వెళ్ళరు. పదింటికి బస్సు దిగేసరికే రోడ్డు మీద ఎండ నీళ్ళలా కదులుతోంది, చర్చి గోపురం ఆ కదలికలో నేలను వదిలేసి కాస్త పైన నిలబడినట్టుంది. మనుషులు తలుపులు వేసుకుని లోపలున్నారు. ఊరంతా ఒకే కల కంటున్నట్టు నిశ్శబ్దంగా ఉంది.

నా ఇళ్ళ జాబితాలో పద్నాలుగో నంబరు యోబు, పదిహేనో నంబరు బాలశౌరి. అన్నదమ్ములు. వాళ్ళ నాన్న కట్టిన పొడుగాటి ఇంటిని మధ్యకి చీల్చుకుని ఉంటున్నారు. ఒకరి గుమ్మం తూర్పు బజారుకి, ఇంకొకరిది పడమటి బజారుకి. వెనక దొడ్లో అడ్డంగా గోడ. కొళాయి బాలశౌరి వైపు పడింది కాబట్టి ఆ గోడకి చిన్న తలుపు వదిలారు. నీళ్ళకి తప్ప ఇంకెందుకూ ఎవరూ ఆ తలుపు దాటకూడదని పెద్దమనుషుల ముందు ఒప్పందం.

ఇదంతా యోబు భార్య గ్రేసమ్మ చెప్పింది, నేను అడక్కముందే. నలభై ఐదేళ్ళ మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. నన్ను చూడగానే చెంబెడు మజ్జిగ ఇచ్చి, అది తాగేలోపు ఆ ఇంటి కథంతా నా ముందు పెట్టింది. మూడేళ్ళ కింద పొలం ఉమ్మడిగానే ఉండేదట. ఈసారి మిరప వద్దు, పత్తి వేద్దామని యోబు అన్నాడు. బాలశౌరి వినకుండా ఎనిమిది ఎకరాలూ మిరపే వేశాడు. ఆ ఏడే నల్ల తామరపురుగు వచ్చి పూత మొత్తం మాడ్చేసింది. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద అన్న ఒక మాటన్నాడు, తమ్ముడు రెండన్నాడు. ఊరందరి ముందు యోబు చెయ్యెత్తి, నీ పొయ్యి మీద ఉడికిన మెతుకు నా నోట్లో పెట్టను, పెడితే నన్ను మనిషనమాక అన్నాడు.

"ఆయనకి మాటంటే మాటే అమ్మాయ్," అంది గ్రేసమ్మ. "బీడీ మానేస్తానని ఒకరోజు అన్నాడు. ఆ సాయంత్రం నుంచి మళ్ళీ ముట్టలా. ఈ మాట కూడా అంతే. తప్పాడని తెలిస్తే ఆయన బతకడు."

ఈస్టరుకి ముందు తపసుకాలంలో బాలశౌరికి కామెర్లు వచ్చి నరసరావుపేట ఆసుపత్రిలో పదిరోజులున్నాడట. యోబు బస్టాండు దాకా వెళ్ళి బస్సెక్కకుండా తిరిగొచ్చాడట. ఆ మాట చెప్తూ ఆమె చెంగు చేతిలోకి తీసుకుంది. నేను ట్యాబ్ వైపు చూస్తూ కూర్చున్నాను. పరాయివాళ్ళు ఏడుస్తారేమోనని నాకు భయం.

ఎప్పుడూ చెప్పే మాట చెప్పి మొదలుపెట్టాను. మీరు చెప్పింది రహస్యంగా ఉంటుంది, ఒక ఇంటి వివరాలు ఇంకో ఇంటికి చెప్పం అని. ఇంట్లో నలుగురు, ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. కందిపప్పు ఆరు కిలోలంది. నలుగురికి ఆరు కిలోలు చాలా ఎక్కువ. చింతపండు రెండు కిలోలు. ఉప్పు మూడు ప్యాకెట్లు. నూనె లేదంది. ఉల్లిపాయలు కూడా లేవు. గ్యాస్ సిలిండర్ తొమ్మిది నెలలు వస్తుందట, పాలు కాచుకుంటాం కదా అని ఏదో సర్దిచెప్పింది. మామూలుగా అయితే గట్టిగా అడిగేదాన్ని. కానీ కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది, నా నోట్లో మాటలు కరిగిపోతున్నాయి. కాసేపు నడుం వాల్చమని వసారాలో నులక మంచం చూపించింది. మంచం మీద నీళ్ళు చల్లి ఉన్నాయి.

కళ్ళు మూశాను. వెనక వైపు తలుపు కిర్రుమంది. రెప్పల సందు నుంచి చూస్తే గ్రేసమ్మ మూతపెట్టిన గిన్నె రెండు చేతులతో పట్టుకుని వస్తోంది. మూత చుట్టూ ఆవిరి. మామిడికాయ పప్పు వాసన వసారా అంతా నిండింది. గిన్నె లోపల పెట్టి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఇంకో గిన్నెతో వచ్చింది. ఆ తర్వాత అన్నం తపేలా. నా కలల్లో గిన్నెలు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి కాబట్టి ఇదీ అదేననుకున్నాను. వంటింట్లో గరిటె చప్పుడు లేదు, పోపు చిటపటలు లేవు, పొయ్యి వెలిగిన జాడ లేదు. కూరలు మాత్రం దొడ్డిదారిన వస్తున్నాయి. హాయిగా ఉంది ఆ కల. లేచేసరికి రెండయింది.

చుట్టూ తిరిగి పడమటి బజారుకి వెళ్ళాను. బాలశౌరి భార్య సింధు తలుపు తీసింది. ముప్పై లోపే ఉంటుంది. చిన్నపిల్లలిద్దరూ చాప మీద నిద్రపోతున్నారు. లోపలి గదిలో మంచం మీద మనిషి పడుకుని ఉన్నాడు, నాకు పాదాలు మాత్రమే కనపడ్డాయి. గొంతు తగ్గించి చదవడం మొదలుపెట్టాను. నూనె ఎనిమిది లీటర్లు. ఉల్లిపాయలు పదిహేను కిలోలు. గ్యాస్ నెలకొక సిలిండర్. కందిపప్పు లేదు. చింతపండు లేదు.

"ఉప్పు?"

ఆమె తలెత్తలేదు. కొనలేదంది. పోయిన నెలదా అంటే కాదంది. ఎవరైనా ఇచ్చారా అంటే పిల్లలకి విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. ట్యాబ్‌లో ఆ గడి ఎర్రగా అయి కూర్చుంది. ఈ ఊళ్ళు తిరిగే నాకు పాలు లేని ఇళ్ళు తెలుసు, పండు లేని ఇళ్ళు తెలుసు, నెలలో పది రోజులు పచ్చడి మెతుకులతో గడిపే ఇళ్ళు తెలుసు. ఉప్పు లేని ఇల్లు మాత్రం ఎక్కడా చూడలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎనిమిది లీటర్ల నూనెతో ఉప్పు లేకుండా ఏం వండుకున్నారని అడిగాను. అడిగిన తీరు బాగాలేదు. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు తెచ్చుకుంది.

అప్పుడు అర్థమైంది. నా చుట్టూ పరుచుకున్న రెండిళ్ళ నెలలూ మెల్లగా జరిగి ఒకదానిలో ఒకటి సర్దుకున్నాయి. పప్పు అక్కడ, నూనె ఇక్కడ. ఉప్పు అక్కడ, నిప్పు ఇక్కడ. ఇందాక మంచం మీద నుంచి నేను చూసింది కల కాదు.

సింధు వెనక తలుపు దగ్గరికెళ్ళి అక్కా అని పిలిచింది. గ్రేసమ్మ వచ్చింది. ఇద్దరూ నా ముందు నేల మీద కూర్చున్నారు, పట్టుబడ్డ పిల్లల్లాగా.

ఇళ్ళు విడిపోయిన మొదటి వారమే మొదలైందట ఇది. సింధు పచ్చి బాలింత. గ్రేసమ్మ నీళ్ళకని ఆ తలుపు దాటి వచ్చి చూస్తే పిల్ల పొయ్యి ముందు నిలబడి వణుకుతోంది. ఆమెను కూర్చోబెట్టి తనే అన్నం వార్చింది. ఎలాగూ చెయ్యి పెట్టింది కదా అని రెండిళ్ళకీ సరిపడా వార్చింది. మర్నాడు కూడా అంతే. ఆ తర్వాత మానలేదు, సింధు కోలుకున్నాక ఇద్దరూ కలిసి వండుతున్నారు. నీళ్ళు ఇటువైపే కాబట్టి వంటా ఇటువైపే, అంటే బాలశౌరి పొయ్యి మీదే. ఒకటో తారీకున ఇద్దరూ వేరువేరుగా సంచులు పట్టుకుని కొట్టుకి వెళ్తారు. పప్పులు, ఉప్పు, పులుపు పెద్దామె కొంటుంది. నూనె, ఉల్లి, గ్యాసు చిన్నామె కొంటుంది. ఎక్కువగా కొంటే ధర తగ్గుతుంది, సగాలు పంచుకునే పని కూడా ఉండదు. చూసేవాళ్ళ కళ్ళకి ఎవరింటికి వాళ్ళ సంచి నిండుగా వచ్చినట్టు కనపడుతుంది. మూడేళ్ళలో ఎక్కడా తేడా రాలేదు. ఇంటికొచ్చి మీ ఇంట్లో ఉప్పెంత అని అడిగే మనిషి ఉంటుందని వాళ్ళు అనుకోలేదు.

బాలశౌరికి మొదట్నుంచీ తెలుసట. అతను మాటేమీ ఇవ్వలేదు కాబట్టి అతనికి ఇబ్బంది లేదు. మాటిచ్చింది యోబు. తెలియకుండా తిన్నంత కాలం ఆయన మాట నిలిచినట్టే. ఒక్కసారి ఎవరైనా ఆయన ముందు ఆ సంగతి పలికితే ఆ రోజుతో ఈ పొయ్యి రెండవుతుంది, గోడకున్న తలుపు కూడా మూసేస్తారు. గ్రేసమ్మ భయం అదే. తను పోయేదాకా ఆయనకి తెలియనివ్వకుండా నెట్టుకొద్దామనుకుంది. రెండిళ్ళుగానే రాయమని నా చెయ్యి పట్టుకుంది. ఆమె చేతికి పసుపు, వెల్లుల్లి వాసన.

బయటికొచ్చి మా సూపర్‌వైజర్ సుధీర్ బాబుకి ఫోన్ చేశాను. పేర్లు చెప్పకుండా అడిగాను. పొయ్యి ఒకటైతే కుటుంబం ఒకటే, రెండు ఫారాలు కలిపి ఒకటి చెయ్యి, ఇంటి పెద్దతో స్వయంగా అవునని చెప్పించుకో, లేదంటే రెండూ తప్పుడు ఫారాలవుతాయి అన్నాడు. ఇంటి పెద్దంటే యోబు.

తిరిగి గ్రేసమ్మ వసారాలోకొచ్చి మంచం మీద కూర్చున్నాను. ఏడాదిన్నరలో ఒక్క అంకె కూడా మార్చలేదు నేను. దొంగలెక్కలు రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ రోజు కందిపప్పు ఆరు కిలోల్లో మూడు తీసి పదిహేనో నంబరులో వేశాను. నూనె నాలుగు ఇటు, నాలుగు అటు. ఉప్పు ప్యాకెట్లు మూడు, సగం చేయబోయి ఆగిపోయాను. ఎండ తగ్గుముఖం పట్టింది కానీ గాలి ఇంకా మండుతూనే ఉంది. పక్కన గేదె నెమరేస్తోంది. ఒకటిగా ఉన్న ఇంటిని నా వేలితో రెండుగా కోస్తున్నానని అనిపించి చాలా బాధేసింది. కోయకపోతే నిజంగానే రెండైపోతుంది.

నాలుగున్నరకి యోబు పొలం నుంచి వచ్చాడు. పొడుగాటి మనిషి, తల సగం నెరిసింది. కాళ్ళు కడుక్కుని, నన్ను చూసి గ్రేసమ్మని అడిగి సంగతి తెలుసుకుని, మంచానికి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. గ్రేసమ్మ మంచినీళ్ళకని లోపలికెళ్ళింది. వీధి వైపు చూస్తూ, పక్కింటివి కూడా రాశావా అని అడిగాడు. రాశానన్నాను.

"వాడు అన్నం సరిగ్గా తింటన్నాడా అమ్మా? ఆదివారం పూజలో ఎనకమాల నుంచి చూశా. చొక్కా కొయ్యకి తగిలించినట్టుంది."

ఒక ఇంటి వివరాలు ఇంకో ఇంటికి చెప్పకూడదు బాబాయ్, అలా మాటిచ్చి రాసుకుంటాం అన్నాను. అతనికి కోపం రాలేదు. మాటిచ్చాక చెప్పకూడదులే అని తల ఊపాడు. నా కష్టం అర్థమైన మనిషిలా ఊపాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మళ్ళీ అడిగాడు, మీ లెక్కలో ఒక ఇల్లంటే ఏంది అని. గోడలా, తలుపులా, రేషన్ కార్డా అని. నిద్రలో అడిగినా చెప్పగలిగే జవాబది. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"పొయ్యి బాబాయ్. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక ఇల్లు. ఎన్ని తలుపులున్నా సరే."

అన్నాక నాలుక కరుచుకున్నాను. గ్రేసమ్మ చెంబుతో గడప మీద నిలబడిపోయింది. ఎండ పొడ ఆమె పాదాల దగ్గర పడుతోంది. ఆ పొడలో దుమ్ము తేలుతోంది. యోబు ఆమె వైపు చూడలేదు. లేచి వెళ్ళి ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని, నీళ్ళు మొత్తం తాగి, ఖాళీ చెంబు అరుగు మీద పెట్టాడు.

"అయితే ఒకటే ఇల్లని రాయి."

"మాటిచ్చావు గదయ్యా," అంది గ్రేసమ్మ.

"ఇచ్చా. తప్పా. నువ్వు వండిందేదో ఆ పిల్ల వండిందేదో నాకు తెలవదనుకున్నావా? పాలు కాచే వైపు తప్ప మన పొయ్యంతా బూడిద రంగు దుమ్మే, మూడేళ్ళ నుంచి చూస్తన్నా. ప్రతి మొదటి శుక్రవారం పాపసంకీర్తనంలో ఫాదర్ దగ్గర ఇదే చెప్పుకుంటన్నా, మాట తప్పి తమ్ముడి కూడు తింటన్నానని. ఫాదర్లు ఇద్దరు మారారు, నా పాపం మారలా."

గ్రేసమ్మ గడప మీదే కూర్చుండిపోయింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకి తెలియకుండా ఆమె దాచింది, తనకి తెలుసని ఆమెకి తెలియకుండా ఆయన దాచాడు. మూడేళ్ళు ఒకే ఇంట్లో పక్కపక్కనే తింటూ. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి, ఏదీ బయటపెట్టలేదు.

పదిహేనో నంబరు తీసేశాను. పప్పు మళ్ళీ ఆరు కిలోలు చేశాను, నూనె ఎనిమిది లీటర్లు. మనుషులు ఎనిమిది. అంకెలన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి, ఎర్ర గడులు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి.

"ఇప్పుడు ఒకటే ఇల్లు గదా. ఇక చెప్పమ్మా," అన్నాడు యోబు. "వాడెంత తింటన్నాడు?"

జాబితా పైనుంచి కిందికి వెతికాను. బార్లీ ఉంది, గ్లూకోజ్ ఉంది, నిమ్మకాయలున్నాయి. ఎనిమిది మందిలో ఎవరు ఎంత తిన్నారో మాత్రం అందులో లేదు. అడగమని ఎవరూ చెప్పలేదు, నేనూ ఇన్ని ఇళ్ళలో ఎప్పుడూ అడగలేదు. సరుకుల పేర్లు చదివి ఇళ్ళ గుట్టు చెప్పేస్తానని మురిసిపోయేదాన్ని, ఆ ఒక్కమాట చెప్పలేక తల దించుకున్నాను.

"నేను గదా వడ్డించేది," అంది గ్రేసమ్మ గడప మీద నుంచి. మూడేళ్ళలో మొదటిసారి ఆయన ముందు ఆ మాట అంటోంది. "ఇయ్యాల రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. మజ్జిగన్నం కూడా తిన్నాడు. కారం లేని కూర వేరే వండిపెడుతుంటే అదొక్కటే నచ్చట్లా, ముద్ద ముద్దకీ తిడతన్నాడు."

యోబు కండువాతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు కండువా తియ్యలేదు.

"వాడొక్కడే చప్పిడి ఎట్టా తింటాడే. ఇంకో నెల అందరికీ కారం లేకుండానే వండు. నాకూ అదే పెట్టు."